ఇంట్లో అబ్బే భాష, బడిలో నేర్చే భాష



పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన లాటిన్ మాస్టారు ఒకాయన, పేరు ఫ్రాన్స్వా గ్వాన్, జర్మన్ నేర్చుకుందామని హాంబర్గ్ నగరానికి వెళ్ళాడు. లాటిన్ ఎలా వచ్చిందో జర్మనూ అలాగే వస్తుందని ఆయన నమ్మకం. గదిలో కూర్చుని జర్మన్ వ్యాకరణం మొత్తాన్ని, నియమాలకు లొంగని 248 క్రియల పట్టికతో సహా, పది రోజుల్లో కంఠతా పట్టాడు. పట్టి, నేరుగా అక్కడి విద్యాలయంలో ఉపన్యాసం వినడానికి వెళ్ళాడు. ఒక్క మాట కూడా అర్థం కాలేదు. తిరిగొచ్చి ధాతువులు వల్లించాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని గెటే, షిల్లర్ రచనలు అనువదించాడు. జనంతో మాట్లాడబోతే నవ్వారు. సిగ్గుపడి ఆ ప్రయత్నమే మానుకున్నాడు. చివరికి నిఘంటువులోని 30,000 మాటలను నెల రోజుల్లో బట్టీ పట్టాడు. అయినా ఎదుటివారు మాట్లాడితే అర్థం కాలేదు.

నిరాశతో ఇంటికి వచ్చేశాడు. అక్కడ తోబుట్టువు బిడ్డ, మూడేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. గ్వాన్ ప్రయాణమయ్యేనాటికి వాడికి మాటలు సరిగా రావు. ఇప్పుడు ఫ్రెంచిలో ఆగకుండా కబుర్లు చెబుతున్నాడు. ఒకరోజు తల్లి వాణ్ణి పిండిమరకు తీసుకువెళ్ళింది. ధాన్యం మూటలు, తిరిగే చక్రం, రాలే పిండి అన్నీ చూసి వచ్చాడు. వచ్చాక కాసేపు మాట్లాడకుండా కూర్చుని, ఆ తర్వాత కనిపించిన ప్రతివారికీ మర కథ చెప్పడం మొదలుపెట్టాడు. ముందు ఇది జరిగింది, తర్వాత అది, ఆ తర్వాత ఇంకొకటి. అంతటితో ఆగక చిన్న చిన్న మూటలు కట్టుకుని అదంతా ఆడి చూపించాడు.

ఆ ఆటను గ్వాన్ శ్రద్ధగా గమనించాడు. పిల్లవాడు విడివిడి మాటలు పోగుచేసుకోవడం లేదు. కళ్ళతో చూసిన పనిని వరుసగా తలచుకుంటూ, ఆ వరుసకు తగిన మాటలు పెద్దల దగ్గర అందుకుంటున్నాడు. ఈ గమనికను ఆధారం చేసుకుని గ్వాన్ రాసిన పుస్తకం 1880లో వచ్చింది. ఆయన పద్ధతిలో మొదటి పాఠం తలుపు తీయడం. తలుపు దగ్గరికి నడుస్తూ ఒక వాక్యం, చెయ్యి చాపుతూ ఒకటి, పిడి పట్టుకుంటూ ఒకటి. ప్రతి వాక్యానికీ ఎదురుగా జరిగే పని ఒకటి ఉంటుంది కాబట్టి అనువాదం అక్కరలేదు.

పసివాడికి అంత సులువుగా వచ్చింది చదువుకున్న పెద్దమనిషికి ఎందుకు రాలేదు? భాష చెప్పడానికి ఇంతవరకు వచ్చిన ప్రతి పద్ధతీ ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబే. వాటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో గత అరవై డెబ్భై ఏళ్ళ పరిశోధన చాలావరకు తేల్చింది. తేలిన సంగతి మాత్రం మన బడులకూ ఇళ్ళకూ ఇంకా పూర్తిగా చేరలేదు.

ముందు పసిపిల్లల దగ్గర మొదలుపెడదాం. తెలుగువారికి త, ట రెండు వేరు వేరు అక్షరాలు. తాత అన్నా టాటా అన్నా చెవి పొరపాటు పడదు. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దలకు ఈ తేడా వినిపించడం చాలా కష్టం. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో పుట్టిన పసిపిల్లలకు హిందీలోని ఈ రెండు ధ్వనులూ వినిపించారు. ధ్వని మారినప్పుడు బిడ్డ తల తిప్పితే ఒక బొమ్మ కదిలి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో దాదాపు అందరూ మార్పును పసిగట్టి తల తిప్పారు. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో అలా పసిగట్టినవారు కొద్దిమందే. అంటే నోట మొదటి మాట రాకముందే, ఇంట్లో వినిపించే భాషకు బిడ్డ చెవి అమరిపోతుంది. వినిపించని తేడాలను వదిలేసుకుంటుంది.

ఆ చెవి దేన్ని లెక్కలోకి తీసుకుంటుందో ఇంకొక ప్రయోగం చూపింది. అమెరికాలోని సియాటిల్‌లో ప్యాట్రిషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ వినిపించింది. కొందరు పిల్లల ఎదుట మాండరిన్ మాతృభాషగా ఉన్నవారు కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ పన్నెండు విడతలు ఆడించారు. మరికొందరికి అదే మనిషిని, అవే మాటలను టీవీలో చూపించారు. మనిషి ఎదుట ఉన్న పిల్లలకు మాండరిన్ ధ్వనుల తేడా పట్టుబడింది. టీవీ చూసిన పిల్లలకు ఏమీ రాలేదు. 2003లో వెలువడిన ఈ ఫలితాన్ని ఫోను చేతికిచ్చి పిల్లలకు అన్నం తినిపించే ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. తన కళ్ళలోకి చూసి, తన చూపు ఎటు పోతే అటు మాట కలిపే మనిషి నుంచే బిడ్డ భాష తీసుకుంటుంది.

తీసుకున్నదాన్ని అలాగే తిరిగి అప్పగించదు కూడా. 1958లో జీన్ బెర్కో అనే భాషాశాస్త్రవేత్త లోకంలో లేని ఒక పిట్ట బొమ్మ గీసి, దానికి వగ్ అని పేరు పెట్టి పిల్లలకు చూపించారు. తర్వాత రెండు పిట్టలున్న బొమ్మ చూపి ఇవేమిటని అడిగితే, చిన్నపిల్లలు కూడా ఎక్కువమంది ఆ మాటకు సరైన బహువచనం చెప్పారు. ఎన్నడూ వినని మాటకు బహువచనం చెప్పారంటే, సూత్రాన్ని సొంతంగా పట్టుకున్నారన్న మాట. తెలుగు ఇళ్ళలోనూ ఇది వినిపిస్తుంది. బొమ్మకు బొమ్మలు, పిల్లికి పిల్లులు అని పట్టుకున్న బిడ్డ, ఇల్లుకు ఇల్లులు, పండుకు పండులు అంటుంది. ఆ ఇంట్లో పెద్దలెవరూ ఇల్లులు అని ఉండరు. పెద్దలు తప్పు అనుకునేది, బిడ్డ లోపల తయారవుతున్న వ్యాకరణానికి సాక్ష్యం. ఎవరూ పాఠం చెప్పకపోయినా కొన్నాళ్ళకు ఆ ఇల్లులు ఇళ్ళు అయిపోతాయి.

ఇదంతా విని, అయితే బడి ఎందుకు, వ్యాకరణం ఎందుకు, జనంలో వదిలేస్తే భాష అదే వస్తుంది కదా అని కొందరంటారు. ఆ మాట కూడా పూర్తిగా నిలవదు.

1970ల్లో నెదర్లాండ్స్‌కు వచ్చి స్థిరపడిన, ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలను కేథరిన్ స్నో, మరియన్ హూఫ్నాగెల్-హోలె పరిశీలించారు. డచ్చి భాషను మొదటి నెలల్లో వేగంగా పట్టుకున్నవారు మూడు నాలుగేళ్ళ పిల్లలు కారు. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు, వారి తర్వాత పెద్దలు. వయసుతో వచ్చే తర్కం, చదువు, జ్ఞాపకం మొదట్లో బాగా అక్కరకొస్తాయి. పసివారు గెలిచేది దీర్ఘకాలంలో. 1989లో జాక్వెలిన్ జాన్సన్, ఎలిస్సా న్యూపోర్ట్ అమెరికాకు వలస వచ్చిన 46 మంది చైనీయులను, కొరియన్లను పరీక్షిస్తే, ఏడేళ్ళలోపు వచ్చినవారు అక్కడే పుట్టినవారితో సమానంగా నిలిచారు. వచ్చిన వయసు పెరిగిన కొద్దీ ఫలితం తగ్గుతూ పోయింది.

జనం మధ్య ఉన్నంత మాత్రాన పెద్దలకు భాష రాకపోవచ్చు కూడా. కోస్టారికా నుంచి అమెరికా వచ్చిన 33 ఏళ్ళ కార్మికుడు ఒకరిని 1970ల్లో జాన్ షూమన్ పది నెలలపాటు గమనించారు. ఆయన ఇంగ్లీషు మొదట ఎక్కడుందో దాదాపు అక్కడే ఆగిపోయింది. తనవారి మధ్యే ఉండేవాడు, పనికి ఆ నాలుగు ముక్కలు సరిపోయేవి. షూమన్ ప్రత్యేకంగా కూర్చోబెట్టి పాఠం చెబితే అభ్యాసాల్లో సరిగా జవాబిచ్చాడు గానీ మామూలు మాటల్లోకి ఆ దిద్దుబాటు రాలేదు. జనంలో మెలగడం ఒక్కటే చాలలేదు, పాఠం ఒక్కటే చాలలేదు. అవసరం, మనసు కలవడం, తగినంత సమయం కూడా కావాలి.

సమయం లెక్క చూడండి. మెలకువగా ఉన్న వేళల్లో రోజుకు ఎనిమిది గంటలు మాటల మధ్య గడిపే బిడ్డకు నాలుగేళ్ళు నిండేసరికి పదకొండు వేల గంటలు దాటిపోతాయి. తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే అమెరికా ప్రభుత్వ సంస్థ తెలుగుకు 44 వారాలు, 1,100 తరగతి గంటలు కావాలని లెక్కగట్టింది. ఆ తరగతిలో ఉండేది కొద్దిమందే, వారికి వేరే పని ఉండదు. మన బడిలో రోజుకు 40 నిమిషాల పీరియడ్, ఏడాదికి 200 రోజులు అనుకుంటే 133 గంటలు. తరగతిలో నలభై మంది ఉండి, మాస్టారు నోరు తెరవకుండా సమయమంతా పిల్లలకే పంచినా ఒక్కొక్కరికి రోజుకు నిమిషం. ఆ నిమిషం కూడా నియమాలు అప్పజెప్పడానికి పోతే, పదేళ్ళు చదివినా నోట మాట రావడం లేదని పిల్లలను తప్పుపట్టడం అన్యాయం.

బోధన పద్ధతుల చరిత్ర ఈ ఇబ్బంది చుట్టూనే నడిచింది. ఐరోపాలో లాటిన్, గ్రీకు చెప్పినట్టే జీవభాషలనూ వ్యాకరణం, అనువాదం ద్వారా చెప్పడం చాలాకాలం సాగింది. గ్వాన్ దెబ్బతిన్నది అక్కడే. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ భాషల బడి పెట్టి, ఫ్రెంచి చెప్పడానికి ఒక సహాయకుణ్ణి పిలిపించాడు. అతనికి ఇంగ్లీషు రాదన్న సంగతి ఆ తర్వాత తెలిసింది. అంతలో బెర్లిట్జ్ జబ్బుపడ్డాడు. వస్తువులు చూపుతూ, అభినయిస్తూ పాఠం నడిపించమని చెప్పి మంచమెక్కాడు. కొన్ని వారాలకు తిరిగి వచ్చి చూస్తే, శిష్యులు ఫ్రెంచిలోనే ప్రశ్నలూ జవాబులూ సాగిస్తున్నారు. అనువాదం లేకుండా నేర్చుకునే భాషలోనే పాఠం చెప్పే ప్రత్యక్ష పద్ధతికి బెర్లిట్జ్ బడులు పెట్టింది పేరయ్యాయి.

తెలుగునేల మీద ఈ ప్రశ్న ఇంకా లోతుకు పోయింది. 1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తాకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకోబోయి చిక్కులో పడ్డాడు. పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, వీధిలో జనం మాట్లాడే తెలుగు మరొకటి. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ అప్పారావును, గిడుగు రామమూర్తిని అడగమన్నారు. వ్యావహారిక భాషోద్యమం ఈ ప్రశ్న దగ్గర ఊపందుకుంది. పిల్లలు ఇంట్లో నేర్చుకుని వచ్చిన తెలుగును బడి గుమ్మం బయట వదిలేయించి, ఎవరూ మాట్లాడని గ్రాంథికాన్ని మొదటినుంచీ నేర్పడం వల్ల చదువు ఎంత భారమవుతుందో గిడుగు ఊరూరా తిరిగి చెప్పారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం కూడా ఈ పోరాటంలోదే.

వాడుక భాష విలువ గిడుగుకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా ఆయనకు సవర గిరిజనులతో వారి భాషలో మాట్లాడాలనిపించింది. సవరకు లిపి లేదు, వ్యాకరణం లేదు, వాచకం లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని వింటూ, అడుగుతూ, పలుకుతూ నేర్చుకున్నారు. ఆ తర్వాత సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకం వల్ల వినికిడి పోగొట్టుకున్నా పని ఆపలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సహజంగా అందుకోవడం, శాస్త్రంగా నేర్వడం రెండూ ఒక మనిషిలో ఎలా కలుస్తాయో చూడాలంటే అంతకు మించిన ఉదాహరణ తెలుగువారికి లేదు. చెవితో మొదలైంది, వ్యాకరణంగా పూర్తయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి హఠాత్తుగా ఎన్నో భాషలు వచ్చినవాళ్ళు కావలసి వచ్చారు. 1943లో మొదలైన సైనిక శిక్షణలో సంభాషణలను వల్లె వేయించి, వాక్య నమూనాలను వందలసార్లు పలికించారు. యుద్ధం అయ్యాక అదే పద్ధతి కొన్ని మార్పులతో బడుల్లోకి వచ్చింది. దాని వెనక ఉన్న నమ్మకం భాష ఒక అలవాటు అని. 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఆ నమ్మకాన్ని గట్టిగా ఖండించారు. విన్నదాన్ని మళ్ళీ అనడమే భాష అయితే, ఎన్నడూ వినని వాక్యాలు మూడేళ్ళ పిల్లలు ఎలా అనగలుగుతున్నారు అన్నది ఆ వాదం సారాంశం.

మన దగ్గరా ఆ కాలంలో వాక్య నిర్మాణాల వరుసే పాఠ్యప్రణాళిక అయింది. హైదరాబాదులో 1958లో వెలసిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ, నేటి ఇఫ్లూ, అధ్యాపకుల శిక్షణకు పెద్ద కేంద్రమైంది. దక్షిణాదిలోనే ఆ విధానాన్ని ప్రశ్నించిన ప్రయోగమూ పుట్టింది. 1979 నుంచి 1984 వరకు భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో ఇంగ్లీషు పాఠాలను పూర్తిగా మార్చి చూశారు. పాఠంలో వ్యాకరణ సూత్రం ఉండదు, వల్లె వేయడం ఉండదు. బోర్డు మీద రైళ్ళ టైమ్‌టేబుల్ ఉంటుంది. ఏ రైలు ముందు బయలుదేరుతుంది, ఏది ఎక్కితే సాయంత్రానికి చేరతాం అని ఇంగ్లీషులో ప్రశ్నలు. ఇంకోరోజు ఊరి పటం, మరోరోజు క్యాలెండర్. ముందు మాస్టారు తరగతి మొత్తంతో కలిసి ఒక సమస్య సాధిస్తాడు, తర్వాత అలాంటిదే పిల్లలు ఎవరికి వారు సాధిస్తారు. జవాబు కోసం బుర్ర పనిచేస్తుంటే, భాష దాని వెంట వస్తుందని ప్రభు వాదన. బయటివారు పరీక్షించి చూస్తే ఫలితాలు ఆ వాదనను కొంతవరకు బలపరిచాయి. పనుల ద్వారా భాష నేర్పే పద్ధతికి ప్రపంచమంతటా ఇవాళ కూడా ఈ ప్రయోగం పేరే ముందు చెబుతారు. ఖరీదైన పరికరాలు, చిన్న తరగతులు అక్కరలేకుండా మన బడుల్లోనే ఇది జరిగిందన్న సంగతి మన ఉపాధ్యాయుల్లో ఎంతోమందికి చేరలేదు.

కెనడాలో మరో దారి తొక్కారు. 1965లో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో తల్లిదండ్రుల పట్టుదల వల్ల, ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలకు చదువంతా ఫ్రెంచిలో చెప్పే తరగతి మొదలైంది. పిల్లల ఇంగ్లీషు దెబ్బతినలేదు. ఫ్రెంచి వినడం, చదవడం చక్కగా వచ్చాయి. అయితే ఏళ్ళ తరబడి ఆ బడుల్లో చదివినా మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు లింగాల్లో, క్రియల్లో తప్పులు మిగిలాయి. అర్థమయ్యే భాష ధారాళంగా వినిపిస్తే చాలు, మిగిలినది అదే వస్తుందని భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ అంటే, వినడం చాలదు, మాట్లాడక తప్పని పరిస్థితీ రావాలని ఇలాంటి తరగతుల పిల్లలను చూసిన మెరిల్ స్వెయిన్ 1985లో వాదించారు. నోరు తెరిచినప్పుడే తనకు ఏది రాదో మనిషికి తెలుస్తుంది. ఆ క్షణంలో చెప్పిన వ్యాకరణం చెవికెక్కుతుంది.

ఒక తేడా మరచిపోకూడదు. కెనడా పిల్లల ఇంటి భాష చుట్టూ సమాజంలో బలంగా ఉంది, ఉపాధ్యాయులకు ఫ్రెంచి బాగా వచ్చు, పిల్లలు ఇంట్లో మాటలతో సిద్ధమై వచ్చారు. ఆ ఉదాహరణ చూపి, ఇంగ్లీషు వినపడని ఊళ్ళో, ఇంగ్లీషులో ధారగా మాట్లాడని ఉపాధ్యాయుడి చేతికి అయిదేళ్ళ పిల్లలను అప్పగించి అన్నీ ఇంగ్లీషులోనే చెప్పమంటే అది సహజంగా భాష అబ్బే మార్గం కాదు. అక్కడ పిల్లలు అర్థం తెలియని వాక్యాలను అప్పజెబుతారు. గ్వాన్ చేసింది కూడా అదే.

మాట సహజంగా వస్తుంది, రాత రాదు. ఎంత తెలివైన బిడ్డయినా గుణింతాలు, ఒత్తులు ఒకరు నేర్పితేనే నేర్చుకుంటుంది. వార్త రాయడం, అర్జీ రాయడం, శాస్త్రపాఠం చదివి అర్థం చేసుకోవడం బడి పనులు. నోటికి వచ్చిన భాష మీద అవి నిలబడతాయి. అందుకే 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి వంటి ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల చదువు మొదలుపెట్టినప్పుడు, గిడుగు నూరేళ్ళ కిందట చేసిన పనికి ప్రభుత్వం తోడు వచ్చినట్టయింది. అలాంటి పనిని సగంలో వదలకుండా కొనసాగించాలి.

విదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్ళలో కథ తలకిందులవుతుంది. అమ్మానాన్నలు తెలుగులో అడుగుతారు, పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు. వినడం ఉంది, మాట్లాడక తప్పని అవసరం లేదు. వారాంతపు తెలుగు బడులు అక్షరాలు నేర్పి మంచి పని చేస్తున్నాయి గానీ, వారానికి రెండు గంటలు ఇంటి మాటకు బదులు కావు. ఇక్కడ ఒక మంచి వార్త ఉంది. 2014లో సారా రోజ్‌బెరీ, ఆమె సహచరులు రెండేళ్ళు దాటిన పిల్లలతో చేసిన ప్రయోగంలో, ముందే తీసిన వీడియో చూసిన పిల్లలకు కొత్త క్రియలు రాలేదు. ప్రశ్నకు ప్రశ్న, నవ్వుకు నవ్వు వెంటనే అందే వీడియో కాల్‌లో మాత్రం ఎదుట మనిషి ఉన్నప్పటిలాగే నేర్చుకున్నారు. గుంటూరులో ఉన్న అమ్మమ్మ న్యూజెర్సీలో మనవరాలికి రోజూ ఫోన్‌లో కథ చెప్పి, మధ్యలో ఆపి తర్వాత ఏమైందని అడిగితే, అది అసలైన భాషాబోధన.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పీరియడ్‌లో సగమైనా పిల్లలు ఏదో ఒకటి తేల్చడానికి, అడగడానికి, చెప్పడానికి భాష వాడేలా చూడండి. బస్సుల టైమ్‌టేబుల్, సంత ధరలు, ఊరి పటం చాలు. తప్పు దొర్లిన చోట నవ్వనివ్వకండి. వ్యాకరణం తర్వాత చెప్పండి, తప్పక చెప్పండి. తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంగ్లీషు వస్తుందన్న ఆశతో ఇంటి భాషను ఆపేయకండి. మీకు బాగా వచ్చిన భాషలో, తెలుగైనా ఉర్దూ అయినా సవరైనా, రోజూ భోజనం దగ్గర ఫోన్లు పక్కన పెట్టి పిల్లలతో మాట్లాడండి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి. ప్రభుత్వాలు ఏ మాధ్యమం నిర్ణయించినా, ఆ భాషలో ధారగా మాట్లాడగల ఉపాధ్యాయులను ముందు తయారుచేసి, ఆ తర్వాతే పిల్లల చేతికి పుస్తకం ఇవ్వాలి.